ఐదు వేల లోపు మైక్: అమ్మమ్మ కథల రికార్డింగుకి కండెన్సరా, డైనమిక్కా?

అమలాపురం అమ్మాయి:
నమస్కారమండి. మా అమ్మమ్మకి 84 ఏళ్ళు. పేదరాశి పెద్దమ్మ కథలు, 1986 గోదావరి వరదలో డాబా మీద గడిపిన రాత్రులు, తన పెళ్ళికి పడవలో వచ్చిన మేళం, ఇలా ఆవిడ దగ్గర చాలా ఉన్నాయి. రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెడదామని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య ఆవిడ మనుషుల పేర్లు మర్చిపోవడం మొదలయ్యాక నాకు టెన్షన్ పట్టుకుంది. బడ్జెట్ ఐదు వేలు, అంతకు మించి నా వల్ల కాదు. ల్యాప్‌టాప్, ఫోన్ ఉన్నాయి. ఇల్లు మెయిన్ రోడ్డు మీద, కింద టైల్స్, పైన శ్లాబు, ఫ్యాన్ లేకపోతే ఆవిడ కూర్చోలేదు. అడిగినవాళ్ళలో సగం మంది చిన్న చప్పుడు కూడా పట్టే కండెన్సర్ మైకు కొనమన్నారు, సగం మంది స్టేజీల మీద వాడే గట్టి రకం డైనమిక్ మైకు అన్నారు. ఏది కొనమంటారు?

మైక్ సెట్ మావయ్య:
డైనమిక్కే తల్లీ, ఇంకో ఆలోచన వద్దు. 22 ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ జాతరలకీ మైక్ సెట్ వేస్తున్నాను. స్టేజీల మీద చేత్తో పట్టుకునే షూర్ ఎస్ఎం58 డైనమిక్కే. 1966లో వచ్చింది, ఈ రోజుకీ అదే నడుస్తోంది, కింద పడేసినా పలుకుతుంది. అది నీ ఐదు వేలలో రాదు. కానీ యూఎస్‌బీ వైరుతో నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకునే డైనమిక్ మైకులు ఆ ధరలో దొరుకుతున్నాయి. కండెన్సర్ పెట్టావంటే ఆటో హారను, పక్కింటి కుక్కర్ విజిలు, ఫ్యాన్ చప్పుడు అన్నీ మీ అమ్మమ్మ గొంతు కంటే ముందొచ్చి కూర్చుంటాయి.

కూకట్‌పల్లి గొంతు:
మావయ్య గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెప్తున్నాను, స్టేజీ వేరు, ఇంట్లో రికార్డింగు వేరు. స్టేజీ మీద మైకు పెదాలకి ఆనించి గట్టిగా చెప్తారు. ఇక్కడ ఒక పెద్దావిడ మెల్లగా కబుర్లు చెప్తుంది. నేను తొమ్మిదేళ్ళుగా వాయిస్ ఓవర్లు చెప్పి బతుకుతున్నాను. కండెన్సర్‌లో శబ్దానికి కదిలే పొర పల్చగా తేలిగ్గా ఉంటుంది కాబట్టి గొంతులో వణుకు, ఊపిరి తీసుకోవడం కూడా పడతాయి. చవక డైనమిక్‌లో మాట దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది, శ, ష, స మూడూ ఒకటే అయిపోతాయి. పైగా దానికి గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ని పెద్దది చేసే మోతాదు, బాగా పెంచాలి, పెంచిన కొద్దీ వెనక సర్రుమని హిస్ మొదలవుతుంది. పాడ్‌కాస్ట్ వాళ్ళందరూ మోజుపడే షూర్ ఎస్ఎం7బీ ఉంది చూశారా, దానికే 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఐదు వేల మైకు అంత గెయిన్ శుభ్రంగా ఎక్కడిస్తుంది?

రాత్రి షిఫ్ట్:
ఫోన్ చాలండి. ముందు మొదలుపెట్టండి.

మైక్ సెట్ మావయ్య:
శ ష స అన్నావు కాబట్టి అడుగుతున్నాను బాబూ, ఇప్పుడు మాట్లాడేవాళ్ళలో ఆ తేడా పలికేవాళ్ళు ఎంతమంది? నోటితో పలకని తేడాని మైకు ఎక్కడి నుంచి తెస్తుంది? మా ఊళ్ళో హరికథ చెప్పే దాసు గారు నా డైనమిక్ మైకులో "విశేషం" అంటే ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాళ్ళకి కూడా శ వేరు, ష వేరు వినపడేది. తప్పు మైకుది కాదు.

కూకట్‌పల్లి గొంతు:
ఎస్ఎం58ని నేను ఏమీ అనలేదు. "చవక డైనమిక్" అన్నాను, దయచేసి మళ్ళీ చదవండి. ఇంకో మాట, దాసు గారు పలికిన శ, ష మీకు వినపడ్డాయంటే పలికేవాళ్ళు ఉన్నారనేగా. ఆ తరం వాళ్ళే పలుకుతారు. ఈ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మది ఆ తరమే.

సిద్దిపేట పిలగాడు:
అన్నలూ, అక్క అడిగింది శషసల గురించి కాదు గదా.

కూకట్‌పల్లి గొంతు:
తమ్ముడూ, దాని గురించే. నాకు జరిగింది చెప్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఆడియో పుస్తకం పనికి శాంపిల్ పంపాను. ఇలాగే ఒక సీనియర్ చెప్పాడని ఉన్న డబ్బులతో చవక డైనమిక్ కొని దాంట్లోనే చదివాను. "గొంతు మూసుకుపోయినట్టుంది" అని ఒక్క లైను జవాబు వచ్చింది. ఆరు నెలల పని పోయింది, ఆ ఏడు ఇంటద్దె మా బావమరిది కట్టాడు. తర్వాత అదే పేరా స్నేహితుడి కండెన్సర్‌లో, బట్టల బీరువా తలుపులు రెండూ తెరిచి దాని ముందు కూర్చుని చదివి వేరేవాళ్ళకి పంపితే పని వచ్చింది. డైనమిక్ కొనుక్కో చాలు అని తేలిగ్గా చెప్పేవాళ్ళని చూస్తే నాకు అందుకే కోపం.

మైక్ సెట్ మావయ్య:
నీ కష్టం నిజమే, కాదనను. కానీ నువ్వు రెండు మార్చావు, మైకూ మార్చావు, చోటూ మార్చావు. బీరువా నిండా ఉన్న బట్టలు ప్రతిధ్వనిని పీల్చేశాయి. అది చెప్పకుండా కండెన్సర్ గొప్పదనంటే ఎలా? మా అక్క కొడుకు సంగతి విను. వాడూ ఇలాంటి సలహాలే చదివి కండెన్సర్, దానికి మైకు వైరులోనే వెళ్ళే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చి ల్యాప్‌టాప్‌కి కలపడానికో ఇంటర్‌ఫేసు పెట్టె, స్టాండు, గోడలకి అంటించే నురగ ముక్కలు, అన్నీ కలిపి పన్నెండు వేలు ఈఎంఐ మీద కొన్నాడు. రెండు ఎపిసోడ్లు చేశాడు. వీధిలో కూరగాయల బండి వచ్చినప్పుడల్లా ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం. విసుగెత్తి అటక మీద పడేశాడు, ఈఎంఐ మాత్రం ఇంకో ఏడు నెలలు కట్టాడు. వాడు మంచి మాటకారి. ఆ రెండు ఎపిసోడ్ల తర్వాత మళ్ళీ నోరు విప్పలేదు.

ఈసీఈ ఫైనలియర్:
పెద్దవాళ్ళు మీరిద్దరూ దూరం సంగతి వదిలేస్తున్నారు. డైనమిక్ మైకు ఫ్యాన్ చప్పుడుని దానంతట అది ఆపదండి. ఒకే పికప్ ప్యాటర్న్ (ఏ వైపుల నుంచి వింటుందనేది) ఉన్న కండెన్సర్, డైనమిక్ రెండింటినీ నోటికి ఒకే దూరంలో పెట్టి, గొంతు ఒకే లెవెల్లో ఉండేలా సర్దితే గది చప్పుడు దాదాపు ఒకేలా వస్తుంది. డైనమిక్‌ని నోటి దగ్గర పెట్టి మాట్లాడతాం, కండెన్సర్‌ని అడుగు దూరంలో పెడతాం, తేడా అక్కడ వస్తోంది. దూరం సగం చేసిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అడుగు నుంచి మూడంగుళాలకి తెస్తే 12 డెసిబెల్స్ లాభం. కాబట్టి అక్కా, ముందు ఇది చెప్పండి, అమ్మమ్మ గారు మైకు ముందు నాలుగు వేళ్ళ దూరంలో కదలకుండా కూర్చుంటారా?

అమలాపురం అమ్మాయి:
కూర్చోదు తమ్ముడూ. ఆవిడ చేతులు తిప్పకుండా కథ చెప్పలేదు. రాక్షసుడు వస్తే వెనక్కి జరుగుతుంది, రాజకుమారి ఏడిస్తే పమిటతో కళ్ళు తుడుచుకుంటుంది, మధ్యలో వంటింటి వైపు తిరిగి "పాలు చూశావే" అంటుంది. పోయిన నెల ఫోన్ ఎదురుగా స్టాండుకి పెట్టి చూశాను. దాన్ని చూసి నడుం నిటారుగా పెట్టుకుని, "అనగనగా ఒక పట్టణమందు" అని మొదలుపెట్టింది. మాతో ఎప్పుడూ అలా మాట్లాడదు. పది నిమిషాలకే "ఇంక చాల్లేవే" అని లేచిపోయింది.

ఈసీఈ ఫైనలియర్:
అయితే టేబుల్ మీద పెట్టే మైకు ఏదీ వద్దు. బట్టలకి క్లిప్పుతో పెట్టుకునే కాలర్ మైక్ తీసుకోండి. బోయా బీవై-ఎం1 లాంటిది వెయ్యి లోపే వస్తుంది, వైరు ఆరు మీటర్లు, ఫోన్‌కి పెట్టుకోవచ్చు. మీ ఫోన్‌కి గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే చిన్న కన్వర్టర్ కావాలి. దాని వైరుకి ఉండే చిన్న డబ్బా మీది స్విచ్‌ని కెమెరా వైపు కాకుండా ఫోన్ వైపు పెట్టండి. అదీ ఒక రకం కండెన్సరే, అన్ని వైపుల నుంచీ వింటుంది, కానీ ఛాతీ మీద ఉంటుంది కాబట్టి ఆవిడ ఎటు కదిలితే అటు వస్తుంది.

కూకట్‌పల్లి గొంతు:
ఇది మరీ అన్యాయం. 84 ఏళ్ళ గొంతు, మళ్ళీ దొరకనిది, దాన్ని వెయ్యి రూపాయల కాలర్ మైకులో పట్టమంటారా? ఇక్కడందరూ ఆ అమ్మాయికి "నీకు ఇది చాలు" అనే చెప్తున్నారు. ఫోన్ చాలు, చవకది చాలు. ఎందుకు చాలు? ఐదు వేలు పెడతానని తనే అంటోందిగా!

మైక్ సెట్ మావయ్య:
గొంతు పెంచకు బాబూ. ఐదు వేలు పెట్టగలిగినవాళ్ళంతా ఐదు వేలూ పెట్టాలని రూలేం లేదు. నువ్వు స్టూడియో మనిషివి, నీకు మైకు కనపడుతుంది. నాకు మనిషి కనపడుతుంది. మైకు చూసి ఆవిడ బిగుసుకుపోతోందని ఆ అమ్మాయి చెప్తుంటే నీకు వినపడట్లేదా?

కూకట్‌పల్లి గొంతు:
నాకు మనిషి కనపడదా? మా నాన్న 2019లో పోయారు. ఆయన గొంతు నా దగ్గర 11 నిమిషాలుంది, అదీ పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో ఫోన్లో తీసింది. ప్లేట్ల చప్పుడు, వెనక బ్యాండు, వాట్సాప్‌లో పదిమంది చేతులు మారి అరిగిపోయిన ఫైలు. నన్ను పేరు పెట్టి పిలిచే చోట సరిగ్గా ఎవరో గ్లాసు పెట్టారు. ఇంట్లో మూడు మైకులు పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నీ చదివాను, మా నాన్నని మాత్రం ఒక్కసారి కూర్చోబెట్టలేదు. ఆ అమ్మాయికి అలా జరగకూడదనే నేను మంచి మైకు అంటున్నాను.

రాత్రి షిఫ్ట్:
🙏

మైక్ సెట్ మావయ్య:
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాదు. నువ్వు దాచుకోవడం గురించి మాట్లాడుతున్నావు, నేను వినిపించడం గురించి మాట్లాడుతున్నాను. పాడ్‌కాస్ట్ వినేవాడు బస్సులో, బండి మీద, అంట్లు తోముకుంటూ వింటాడు. వాడికి మాట తెలిస్తే చాలు. అందుకే నేను గది చప్పుడు తగ్గించమన్నాను. కానీ నా మాట మీదే ఉంటాను, మీ నాన్నగారి విషయంలో లోపం మైకుది కాదు. కూర్చోబెట్టడం కుదరలేదు, అంతే. ఈ అమ్మాయి మంచి మైకు కోసం ఇంకో ఆరు నెలలు ఆగితే అదే అవుతుంది.

కూకట్‌పల్లి గొంతు:
ఆగమని నేను అనలేదు. సరే, కాలర్ మైకుతోనే మొదలుపెట్టనివ్వండి. కానీ దాచుకునేవాళ్ళ కోసం కొన్ని చెప్తాను. ఫోన్లో వేవ్ (WAV) ఫార్మాట్‌లో, అంటే శబ్దాన్ని కుదించకుండా, రికార్డు చేసే యాప్ పెట్టుకోండి, ఎంపీ3 వద్దు. యాప్‌లో గొంతు లెవెల్ చూపించే మీటరు ఎరుపు తాకకుండా, మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకోండి, ఆవిడ నవ్వితే ఒక్కసారిగా పైకి పోతుంది కదా. మొదట్లో అందరూ పది సెకన్లు మాట్లాడకుండా ఉండండి. ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ చప్పుడు తగ్గించడానికి ఆ పది సెకన్లే నమూనా. మరీ తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది, కాబట్టి కొంచెమే. అదీ కాపీ మీదే చెయ్యండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు. కూర్చునేది హాల్లో కాకుండా పరుపు, బీరువా ఉన్న గదిలో.

సిద్దిపేట పిలగాడు:
ఫ్యాన్ రెండు మీద పెట్టుండ్రి అక్కా. ఐదు మీద పెడితే గాలి మైకుకే తాకుతది.

అమలాపురం అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండి. మా స్కూల్లో ఒక టీచర్ దగ్గర కాలర్ మైకు అప్పు తీసుకుని నిన్న మధ్యాహ్నం చేశాం. ఫోన్ దిండు కింద పెట్టాను. రెండు నిమిషాలకి ఆవిడ మైకు సంగతే మర్చిపోయింది. 41 నిమిషాలు వచ్చింది, పెళ్ళి పడవ కథ మొత్తం. మేళగాడి పేరు గుర్తు రాక కాసేపు ఆగిపోయింది, మళ్ళీ తనే అందుకుని చెప్పింది. ఫ్యాన్ కొంచెం వినపడుతోంది, రోడ్డు దాదాపు లేదు. కానీ జాకెట్ దగ్గర పెడితే మెడలో తులసిపూసల దండ మైకుకి తగిలి టకటకమంటోంది, మధ్యలో 12 నిమిషాలు బాగా పాడైంది. దండ తియ్యమంటే తియ్యదు. ఎక్కడ పెట్టమంటారు?

మైక్ సెట్ మావయ్య:
భుజం కిందగా, పమిటకి పిన్ను పెట్టే చోట పెట్టు తల్లీ. నూలు చీరైతే మంచిది, పట్టుచీర గరగరమంటుంది. వైరుని మైకు కింద ఒక చుట్టు చుట్టి మెత్తటి టేపుతో అంటించు, లాగినా చప్పుడు రాదు. ఏ భుజానికి పెడితే ఆ వైపే నువ్వు కూర్చో, నీకేసి తిరిగి చెప్తుంది.

కూకట్‌పల్లి గొంతు:
ఆ 12 నిమిషాలు చెరపొద్దమ్మా. పూసల చప్పుడు కూడా ఆవిడదే.