గుంతలో తెల్లటి గట్టి పొర: సుద్దా, జిప్సమా?

అనంతపురం రైతు: చీనీ (బత్తాయి) మొక్కలకు గుంతలు తీయిస్తుంటే రెండడుగుల లోతులో తెల్లటి పొర తగిలింది. గడ్డపార దిగడం లేదు. మా నాయన సుద్ద అంటాడు, జేసీబీ డ్రైవర్ జిప్సం అంటున్నాడు. మొక్కలు తెచ్చేశాను, టెన్షన్‌గా ఉంది. ఎలా తేల్చుకోవాలి?

మట్టి పరీక్షల టెక్నీషియన్: రంగు చూసి నమ్మకండన్నా, మొదట్లో నేనూ అలాగే పొరబడ్డాను. ఇసుకను, రాళ్లను అతికించిన ఖనిజం ఏదో చూడాలి. సున్నమైతే (మీ నాయన అనే సుద్ద ఇదే) కాల్‌క్రీట్, సిలికా అయితే సిల్‌క్రీట్, ఇనుమైతే ఫెర్రిక్రీట్, జిప్సమైతే జిప్‌క్రీట్. చేతికి గ్లవ్స్ వేసుకుని, అప్పుడే విరిచిన ముక్క మీద నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయండి. బుసబుసమని పొంగితే సున్నం. జిప్సం పొంగదు, గోటితో గీస్తే గీత పడుతుంది. సిలికా కూడా పొంగదు, కానీ గాజును గీస్తుంది.

బికనీర్ నుంచి: ఇక్కడ జిప్సం గనులే ఉన్నాయి. అది లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది కాబట్టి, వాన బాగా తక్కువున్న చోటే గట్టి పొరగా నిలుస్తుంది. అనంతపురం వానకు నా అనుమానం సున్నం మీదే.

పెర్త్ జియాలజిస్టు: కాల్‌క్రీట్ అని తేలినా పని అయిపోదు. మట్టిలో దిగిన వాననీటితో ఏర్పడిందా, భూగర్భజలంతో ఏర్పడిందా అన్నది ముఖ్యం. ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలోని యీలిర్రీలో 1972లో యురేనియం దొరికింది రెండో రకంలోనే, పాత నది లోయలో. మొదటి రకానికి దశలుంటాయి: ముందు రాళ్లకు తెల్లటి పూత, తర్వాత గులకల్లాంటి ముద్దలు, ఆపైన సందులన్నీ పూడిన పొర, చివరికి దాని పైన అట్టల్లాంటి పలుచటి పొరలు. గుంత గోడను పై నుంచి కింది దాకా గీకి చూడండి.

అనంతపురం రైతు: చుక్క వేయగానే పొంగింది! గోడ గీకితే పైన ముద్దలు, కింద పూడిన పొర. అట్టలు లేవు.

మట్టి పరీక్షల టెక్నీషియన్: అంటే మూడో దశ. వేరు దాన్ని దాటలేదు, గుంత అడుగున పొర పగలాల్సిందే. పగిలాక నీళ్లు నింపి తెల్లారి చూడండి. సున్నం ఎక్కువైన నేలలో చీనీకి ఇనుము, జింకు సరిగా అందవు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పాలిపోతే అదే కారణం.

అనంతపురం రైతు: ఆరు గుంతలు పగలగొట్టించి నింపాను. బావి వైపు నాలుగింటిలో తెల్లారేసరికి నీళ్లు ఇంకాయి, గట్టు వైపు రెండూ అలాగే నిలిచాయి. బావి వైపే నాటుతున్నాను. గట్టు వైపు ఇంకా లోతుగా తవ్వించి మళ్లీ రాస్తాను.