జావాలో వర్చువల్ థ్రెడ్లు వచ్చేశాక బీమ్ ఇంకా ఎందుకు?

కొత్తచిగురు: జావా 21తో (2023) వర్చువల్ థ్రెడ్లు, అంటే మామూలు వాటికంటే చాలా తేలికైన థ్రెడ్లు వచ్చేశాయి. లక్షల్లో తెరవచ్చు. మరి ఎర్లాంగ్ భాష నడిచే వర్చువల్ మెషీన్ (వీఎం) బీమ్‌లో ఇంకేం ప్రత్యేకత మిగిలింది? కొత్త చాట్ సర్వర్‌కి ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అర్ధరాత్రి_డ్యూటీ: బీమ్ తప్ప ఏదైనా.

పాత_స్విచ్: ఎన్ని తెరవచ్చన్నది కాదండీ లెక్క. జావాలో థ్రెడ్లన్నిటికీ ఒకటే హీప్, అంటే డేటా ఉండే మెమరీ. ఒకటి ఏదైనా ఆబ్జెక్ట్‌ని సగం మార్చి చస్తే, మిగతావి ఆ సగాన్నే నిజమనుకుంటాయి. బీమ్‌లో ప్రాసెస్ కూడా తేలికైన థ్రెడ్ లాంటిదే, కానీ ఏ ప్రాసెస్ హీప్ దానిదే. ఒకటి పోతే దాని మెమరీ దానితోనే పోతుంది, వాటిని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ ప్రాసెస్ ఇంకోదాన్ని లేపుతుంది. పైగా సుమారు 4000 రిడక్షన్లు (దాదాపు ఫంక్షన్ కాల్స్ లెక్క) కాగానే ఎవరైనా సీపీయూ వదలాల్సిందే. వర్చువల్ థ్రెడ్ ఎక్కడో ఆగితే తప్ప వదలదు. 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ స్విచ్‌ల కోసం మొదలైన భాష, ఊరికే అలా కట్టలేదు.

అర్ధరాత్రి_డ్యూటీ: "దానితోనే పోతుంది"? మా దాంట్లో లాగ్‌లు రాసే లాగర్ ప్రాసెస్ ఒక్కటే. దానికొచ్చే మెసేజ్‌లు చేరే మెయిల్‌బాక్స్‌కి హద్దు లేదు. అందరూ పంపుతూనే ఉన్నారు, అది చదవలేకపోయింది. రాత్రి 2:40కి మెమరీ నిండి వీఎం మొత్తం కూలింది. సూపర్‌వైజర్ ఉన్నదీ అందులోనే కదా, ఎవరిని లేపుతుంది?

పాత_స్విచ్: అది డిజైన్ తప్పు. మెసేజ్ పంపి వదిలేసే క్యాస్ట్ బదులు కాల్ వాడుంటే జవాబు వచ్చేదాకా పంపేవాడే ఆగేవాడు.

అర్ధరాత్రి_డ్యూటీ: నిలబడితే వీఎం గొప్ప, పడితే మా తప్పు. బాగుంది.

చినుకు: నిఫ్‌లో (ఎర్లాంగ్ నుంచి పిలిచే సీ లాంటి భాషల కోడ్) సెగ్‌ఫాల్ట్, అంటే తప్పు మెమరీని ముట్టుకుని క్రాష్, వచ్చినా వీఎం మొత్తం పోతుంది. ఎవరూ అనట్లేదని అంటున్నా.

ఒక్కలైను: సర్వర్ ప్రోగ్రాముల్ని కంటైనర్లలో నడిపే కుబర్నెటీస్ ఎలాగూ రీస్టార్ట్ చేస్తుందిగా?

పాత_స్విచ్: కంటైనర్ మొత్తాన్ని చేస్తుంది. అందులో ఉన్న వేల కనెక్షన్లూ తెగుతాయి. నాకు తెగాల్సింది ఒక్కటే. ఇది కూడా విడమరిచి చెప్పాలా?

అర్ధరాత్రి_డ్యూటీ: అరవకండి. మా సిస్టమ్ రాసినాయన "పడనీ, అదే లేస్తుంది" అనేవాడు. ఒక ప్రాసెస్ గంటకి పదిసార్లు పడుతూ లేస్తూ ఆర్నెల్లు నడిచింది. డ్యాష్‌బోర్డ్ పచ్చగా ఉంది కాబట్టి క్రాష్ రిపోర్టులు ఎవరూ తెరవలేదు. తర్వాత ఆయన మానేశాడు. ఎర్లాంగ్ చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఫోన్ మాత్రం నాకే మోగింది.

పాత_స్విచ్: ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మేమైతే రీస్టార్ట్‌ల లెక్క మీద అలారం పెట్టుకుంటాం.

అర్ధరాత్రి_డ్యూటీ: మేమంటే ఎంతమంది?

పాత_స్విచ్: ఎర్లాంగ్ వచ్చినవాళ్లం ముగ్గురం.

కొత్తచిగురు: మా దగ్గర సర్వర్ పని నాదొక్కడిదే. నాకొచ్చింది జావా.