ఇంటర్‌లో మీడియా సబ్జెక్టు: మన పిల్లలకు పనికొస్తుందా?

మిర్యాలగూడ నాన్న:
మా బిడ్డ పది పాసైంది. ఎంపీసీ వద్దు, విలేకరి అవుతా అంటోంది. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు మాస్ మీడియా స్టడీస్ ఉంది. కేరళలో ప్లస్ టూలోనే జర్నలిజం చదువుకోవచ్చు. ఇక్కడ కాలేజీకి పోతే ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని చెప్పి రసీదు పుస్తకం తీశారు. మన ఇంటర్‌లో కూడా మీడియా ఉంటే మంచిదా, డిగ్రీ దాకా ఆగడమే నయమా?

డెస్కు మనిషి:
ఆగడమే నయం అన్నా. నేను పన్నెండేళ్లు మండల విలేకరిగా చేసి ఇప్పుడు పత్రికలో వార్తలు దిద్దే డెస్కులో ఉన్నా. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ మీద మొదటి వార్త రాసినప్పుడు, తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అనేదాన్ని చుక్క ఎగరగొట్టి 15 అని పంపా. అంటే పది రెట్లు తాగినా ఫర్వాలేదని రాసినట్టే! హెడ్డింగు మాత్రం బ్రహ్మాండంగా పెట్టా. డెస్కులో బీఎస్సీ చదివినాయన పట్టుకున్నాడు కాబట్టి పరువు దక్కింది. కెమెరా, ఎడిటింగ్ నెల రోజుల్లో వస్తాయి. పంచాయతీ లెక్కలు చదవడం, ఎకరానికి 40 గుంటలని తెలిసి పాసుపుస్తకం చూడటం, తప్పుల్లేని తెలుగు, ఇవి ఈ వయసులోనే రావాలి. సీఈసీలో చేర్పించండి. కంట్రిబ్యూటర్‌కు, అంటే జీతం లేని ఊరి విలేకరికి, పత్రిక ఇచ్చేది రాసిన లైన్ల లెక్కన, తెమ్మని అడిగేది యాడ్లు. అది కూడా బిడ్డకు ముందే చెప్పండి.

సివిక్స్ లెక్చరర్:
డెస్కు అన్న విలేకరి కాబోయే ఒక్కరి గురించే చెప్పారు. మిగతా పిల్లల సంగతి? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వస్తే, గద్వాల ఊళ్లలో ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం లోపల తలుపులేసుకున్నారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, డప్పులు కొట్టించి, పాటలు పాడించి అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ క్లాసులో ఒక వీడియో చూపించి "ఇది ఎక్కడిది, ఎప్పటిది?" అని అడిగితే, బైపీసీ టాపర్ కూడా "గ్రూపులో వచ్చింది సార్" అంటుంది.

పాలమూరు పాత పాఠకుడు:
సురవరం ప్రతాపరెడ్డి గారు మా జిల్లా మనిషే. చదివింది లా. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, అదీ నిజాం రాజ్యంలో. ఆయనకు ఏ కాలేజీ మీడియా సబ్జెక్టు చెప్పింది?

సివిక్స్ లెక్చరర్:
పెద్దాయనా, 1926లో అబద్ధం గద్వాల చేరాలంటే దానికి కూడా ఎద్దుల బండి కావాలి.

డెస్కు మనిషి:
సార్, సబ్జెక్టు పెడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుని, ఒక్క శ్లోకం సొంతంగా చదవలేని వాళ్లు వందకు దగ్గరగా తెచ్చుకుంటున్నారు. దీనికీ గైడు వస్తుంది. "నకిలీ వార్త లక్షణాలు ఐదు" అని బట్టీ పట్టి, హాల్లోంచి బయటికి రాగానే అదే వీడియో ఫార్వర్డ్ చేస్తారు.

సివిక్స్ లెక్చరర్:
అది మాత్రం కాదనలేను. అందుకే నేను గ్రూపు పెట్టమనడం లేదు. అన్ని గ్రూపులకూ వారానికి ఒక పీరియడ్ చాలు, పరీక్ష వద్దు. పరీక్ష లేని పీరియడ్‌ను లెక్కల సార్ ఎత్తుకుపోతాడు, అది వేరే బాధ.

ఇంటర్ సెకండియర్:
నన్నెవరూ అడగలేదు గానీ చెప్తా. నాది హెచ్ఈసీ. గ్రూపు పేరు చెప్పగానే "ఇంకేం సీటు దొరకలేదా?" అంటారు. మీడియా గ్రూపంటే ఇంకేమంటారో!

మిర్యాలగూడ నాన్న:
సీఈసీకి ఒప్పుకుంది. నిన్న మా వార్డు నీళ్ల ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారో నలుగురిని అడిగి ఒక పేజీ రాసింది. డెస్కు అన్నా, ఫోటో తీసి పెడితే చూస్తారా?

డెస్కు మనిషి:
పెట్టండి. అంకెలు మాత్రం ఇంకోసారి చూసుకోమనండి.