విండోస్‌లో పేరుతో పింగ్ వెళ్తోంది, ఉబుంటులో వెళ్లట్లేదు – ఎందుకు?

లెడ్జర్‌బాక్స్:
ఆఫీసులో 7 విండోస్ సిస్టమ్‌లు (10, 11 కలిపి), 2 ఉబుంటు 22.04 డెస్క్‌టాప్‌లు, ఒక డెబియన్ 12 ఫైల్ సర్వర్ ఉన్నాయి. సర్వర్ పేరు 'స్టోర్'. ఐపీలన్నీ నెట్ కనెక్షన్‌తో వచ్చిన రూటరే ఇస్తుంది. విండోస్ నుంచి విండోస్‌కి పేరు కొడితే పింగ్ (అవతలి మెషిన్ పలుకుతోందా అని చూసే కమాండ్) వెళ్తుంది. ఉబుంటులో 'పింగ్ అకౌంట్స్1' అంటే 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అని వస్తోంది. ఐపీలు మారినప్పుడల్లా పది మెషిన్లలో హోస్ట్స్ ఫైల్ (ఏ పేరుకి ఏ ఐపీ అన్న జాబితా) దిద్దడం కుదరట్లేదు. శాశ్వతంగా ఏం చేయాలండి?

పోర్ట్53:
ముందు కారణం చెప్తాను. డీఎన్ఎస్‌లో (పేరు అడిగితే ఐపీ చెప్పే సర్వర్) పేరు దొరక్కపోతే విండోస్ అక్కడితో ఆగదు. వీధిలో నిలబడి కేకేసినట్టు నెట్‌వర్క్ మొత్తాన్నీ అడుగుతుంది: ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్ (యూడీపీ 5355), నెట్‌బయోస్ (యూడీపీ 137). ఉబుంటు అలా అడగదు. 'రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్' కొట్టి చూడండి, ఎల్ఎల్ఎమ్ఎన్ఆర్ ముందు మైనస్ గుర్తుంటుంది. పైగా చుక్క లేని పేరుని, వెనక తగిలించడానికి సెర్చ్ డొమైన్ లేకపోతే, ఉబుంటులో పేర్లు వెతికే సర్వీస్ సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ డీఎన్ఎస్‌కి పంపనే పంపదు. మీకొచ్చే ఎర్రర్ అదే.

మూడు నాలుగు మెషిన్లే అయితే 'అకౌంట్స్1.లోకల్' అని అవాహీతో (సర్వర్ లేకుండా '.లోకల్' పేర్లు వెతికే లినక్స్ ప్రోగ్రామ్) నడిపేయొచ్చు. పదికి మాత్రం సొంత డీఎన్ఎస్ పెట్టుకోండి.

రూట్‌షెల్:
పై మాటే నాదీ. డెబియన్ సర్వర్‌లో డీఎన్ఎస్‌మాస్క్ వేయండి, ఐపీలూ పేర్లూ రెండూ అదే చూసుకుంటుంది. సర్వర్‌కి 192.168.1.5 స్టాటిక్‌గా (మారకుండా) ఇచ్చి, కాన్ఫిగ్‌లో ఈ లైన్లు పెట్టండి:

డొమైన్=ఆఫీస్.ఇంటర్నల్
లోకల్=/ఆఫీస్.ఇంటర్నల్/
ఎక్స్‌పాండ్-హోస్ట్స్
డొమైన్-నీడెడ్
బోగస్-ప్రివ్
నో-రిసాల్వ్
సర్వర్=1.1.1.1
డీహెచ్‌సీపీ-రేంజ్=192.168.1.100,192.168.1.200,12హెచ్
డీహెచ్‌సీపీ-ఆప్షన్=ఆప్షన్:రూటర్,192.168.1.1

చివరి లైన్ మర్చిపోతే డీఎన్ఎస్‌మాస్క్ తన ఐపీనే గేట్‌వేగా (నెట్‌కి వెళ్లే దారిగా) పంచుతుంది, ఆఫీసంతా నెట్ పోతుంది. సర్వీస్ మొదలుపెట్టే ముందు రూటర్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపేయండి. రెండూ నడిస్తే ఏ మెషిన్‌కి ఎవరు ఐపీ ఇచ్చారో తేలదు.

ఐపీ అడిగేటప్పుడే ప్రతి మెషినూ తన పేరు చెప్తుంది కాబట్టి ఎంట్రీలు వాటంతటవే పడతాయి. డొమైన్ కూడా ఐపీతో పాటే వెళ్తుంది, అందుకని ఒట్టి 'అకౌంట్స్1' అన్నా రెండు వైపులా పనిచేస్తుంది. డొమైన్‌గా '.లోకల్' మాత్రం వద్దు. అది ఎమ్‌డీఎన్ఎస్‌కి (అవాహీ వాడే పద్ధతి) కేటాయించిన పేరు, ఉబుంటు డెస్క్‌టాప్ దాన్ని మీ డీఎన్ఎస్ దాకా రానివ్వదు.

ఇంకోటి. డెబియన్ ఇన్‌స్టాలర్ సర్వర్ హోస్ట్స్ ఫైల్‌లో '127.0.1.1 స్టోర్' అని రాసిపెడుతుంది. డీఎన్ఎస్‌మాస్క్ ఆ ఫైల్ చదివి అందరికీ అదే చెప్తుంది. అప్పుడు 'స్టోర్'కి పింగ్ కొట్టిన ప్రతి మెషినూ తనని తానే పలకరించుకుంటుంది, పింగ్ బ్రహ్మాండంగా వెళ్తుంది, షేర్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. ఆ లైన్‌లో ఐపీని 192.168.1.5 చేసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

లెడ్జర్‌బాక్స్:
చేశానండి, ఉబుంటు రెండూ పలుకుతున్నాయి. రెండు విండోస్‌లలో మాత్రం 'స్టోర్' ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. 'ఐపీకాన్ఫిగ్ /ఆల్'లో డీఎన్ఎస్ సర్వర్ల దగ్గర ఒకదాంట్లో 192.168.1.5, 8.8.8.8 ఉన్నాయి. ఇంకోదాంట్లో పైన ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రస్ ఒకటి ఉంది.

పోర్ట్53:
రెండిట్లోనూ జబ్బు ఒకటే, బయటి డీఎన్ఎస్. రెండో డీఎన్ఎస్ అంటే స్పేర్ టైర్ అనుకుంటారు చాలామంది, కాదు. మొదటిది కాస్త ఆలస్యం చేస్తే విండోస్ రెండోదాన్ని అడుగుతుంది. 8.8.8.8 గూగుల్ డీఎన్ఎస్, దానికి మీ 'స్టోర్' తెలీదు, 'అలాంటి పేరు లేదు' అంటుంది. అదీ జవాబే కాబట్టి విండోస్ దాన్ని నమ్మి కాసేపు గుర్తుపెట్టుకుంటుంది కూడా. 8.8.8.8 తీసేసి డీఎన్ఎస్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి, 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్' కొట్టండి.

ఎఫ్ఈ80 అడ్రస్ మీ రూటర్‌ది. డీహెచ్‌సీపీ ఆపినా ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) వైపు నుంచి తనని డీఎన్ఎస్‌గా ప్రకటించుకుంటోంది. రూటర్‌లో ల్యాన్ ఐపీవీ6 సెట్టింగ్స్‌లో ఆ ప్రకటన ఆపండి. ఆ మెనూ లేకపోతే దాని వెనక మీ సొంత రూటర్ పెట్టుకోవాల్సిందే.

పరీక్షించేటప్పుడు 'ఎన్ఎస్‌లుకప్' ఒక్కదాన్నే నమ్మకండి. అది డీఎన్ఎస్‌ని మాత్రమే అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ చూడదు. లినక్స్‌లో 'గెట్ఎంట్ హోస్ట్స్ స్టోర్' అసలు సంగతి చెప్తుంది. పింగ్‌లో ఐపీ కనబడి 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వస్తే పేరు దొరికినట్టే, అవతల ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది.

రూట్‌షెల్:
సర్వర్ ఆగితే ఐపీలు కొన్ని గంటలు నిలుస్తాయి కానీ డీఎన్ఎస్ ఆ క్షణమే పోతుంది, ఎవరికీ ఏ సైటూ తెరుచుకోదు. కాబట్టి యూపీఎస్ మీద పెట్టండి. ఎలాగూ సొంత రూటర్ కొనేటట్టయితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకి ఉచిత లినక్స్ సాఫ్ట్‌వేర్) ఎక్కేది చూసుకోండి. అందులో డీఎన్ఎస్‌మాస్క్ ముందే ఉంటుంది, పై లైన్ల పనంతా అక్కడే అయిపోతుంది.