‘డౌట్’ అంటే అనుమానించడమా, నమ్మకపోవడమా?

పదాన్వేషి:
మా కార్యాలయంలో ఒక ఫైలు కనిపించకుండా పోయింది. ఫలానా ఉద్యోగే దాన్ని తీసి ఉంటాడని తన అనుమానమని చెప్పదలచుకున్న ఒక సహోద్యోగి, పై అధికారికి ఇంగ్లీషులో ‘ఐ డౌట్ దట్ హి టుక్ ద ఫైల్’ అని రాశారు. ఇంగ్లీషు మాతృభాషగా గల ఆ అధికారి దాన్ని ‘అతను తీశాడంటే నేను నమ్మను’ అని అర్థం చేసుకున్నారు. నింద మోపబోయిన మనిషికే చేజేతులా యోగ్యతాపత్రం రాసిచ్చినట్టయింది. ఇంతకీ ఈ వాక్యం తప్పేనా? ‘డౌట్’కు ‘సందేహించు, అనుమానించు’ అని రెండర్థాలూ పక్కపక్కనే రాసుకోవడం మనకు అలవాటే కనుక, రాసినవారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

వ్యాకరణప్రియ:
తప్పే. నేటి ప్రామాణిక ఇంగ్లీషులో ‘ఐ డౌట్ దట్’ అని మొదలుపెడితే, ఆ తర్వాత చెప్పబోయేది జరిగి ఉండదని మాట్లాడేవారు భావిస్తున్నట్టు. జరిగే ఉంటుందని తోస్తే వాడవలసిన క్రియ ‘సస్పెక్ట్’. ‘ఐ డౌట్ హి విల్ కమ్’ అంటే అతను రాకపోవచ్చునని. ‘ఐ సస్పెక్ట్ హి విల్ కమ్’ అంటే వచ్చేలాగే ఉన్నాడని. తికమకంతా ఈ క్రియల తర్వాత పూర్తి వాక్యానికి బదులు మనిషి వచ్చినప్పుడు పుడుతుంది. ‘ఐ డౌట్ హిమ్’ అంటే అతని మాట మీద నమ్మకం లేదని, ‘ఐ సస్పెక్ట్ హిమ్’ అంటే ఆ పని అతనిదేనేమోనని. రెండూ ఆ మనిషికి వ్యతిరేకంగానే ఉన్నాయి కాబట్టి రెండు క్రియలూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. వాక్యం వచ్చి చేరగానే అవి చెరో దారీ పడతాయి.

పాతపుస్తకం:
వ్యాకరణప్రియ గారూ, ‘తప్పే’ అని ఒక్క మాటలో తేల్చేముందు ఈ క్రియ నడిచివచ్చిన దారి చూడాలని నా మనవి. దీని మూలం లాటిన్ ‘దుబితారే’. అందులో ‘రెండు’ అనే మాట ఉంది, అంటే మనసు రెండు వైపులా ఊగడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేటప్పటికి ‘భయపడు’ అనే అర్థాన్ని కూడా వెంటతెచ్చుకుంది. ‘భయం గొలిపే’ అనే అర్థం గల ‘రిడౌటబుల్’ అనే విశేషణంలో ఆ భయం నేటికీ మిగిలి ఉంది. కీడు జరిగి ఉంటుందని భయపడడానికీ, జరిగి ఉంటుందని అనుమానించడానికీ మధ్య దూరం ఎంత? షేక్‌స్పియర్ నాటకం మొదటి అంకంలో, తండ్రి ప్రేతం కనిపించిందని విన్న హామ్లెట్ ‘ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే’ అంటాడు. ఏదో కుట్ర జరిగిందని అనుమానిస్తున్నాడే తప్ప, జరగలేదని అనడం లేదు. అంతకన్నా విచిత్రం రెండో అంకంలోని హామ్లెట్ ప్రేమలేఖ: సూర్యుడు కదులుతాడన్న మాటను నమ్మకపోయినా సరే అనే పాదంలోనూ, సత్యమే అబద్ధాలకోరని అనుమానించినా సరే అనే పాదంలోనూ ఉన్నది ఈ ఒక్క క్రియే. స్కాట్లాండ్ వాడుకలో ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడేలాగే ఉందని అర్థం. పదాన్వేషి గారి సహోద్యోగి రాసినది ఇంగ్లీషే కాదని అనడానికి వీల్లేదు.

వ్యాకరణప్రియ:
ఇంగ్లీషు కాదని నేను అనలేదు, నేటి ప్రామాణిక ఇంగ్లీషు కాదన్నాను. హామ్లెట్ పై అధికారికి ఫిర్యాదు రాయడం లేదు కదా. పైగా ఆ సహోద్యోగి ఆ వాక్యాన్ని పాత నాటకం నుంచో స్కాట్లాండ్ నుంచో తెచ్చుకోలేదు, తెలుగు నుంచి తెచ్చుకున్నారు. పోలిక కుదిరినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు.

అనువాదకుడు:
ఈ చివరి మాటతో నేను ఏకీభవిస్తాను; అసలు చిక్కు మన ‘అనుమానం’లోనే ఉంది. ‘అతను వస్తాడని నా అనుమానం’ అన్నప్పుడు రాకవైపు మొగ్గుతాం, ‘అతను రావడం అనుమానమే’ అన్నప్పుడు రాకపోవడంవైపు మొగ్గుతాం. నామవాచకం మారకుండానే అర్థం తిరగబడింది. తిప్పినవి ‘అని’ అనే చిన్న మాట, ‘రావడం’లోని ‘డం’ అనే ప్రత్యయం. ఇంగ్లీషు ఈ పనిని ప్రత్యయాలకు అప్పగించక రెండు వేర్వేరు క్రియలకు పంచింది. మనం ‘అని’ని ‘దట్’గా మార్చి, ‘అనుమానం’ స్థానంలో ‘డౌట్’ పెట్టి, పని అయిపోయిందనుకుంటాం.

విశేషమేమిటంటే, ఈ తేడా మన శాస్త్రాలకు బాగా తెలుసు. న్యాయదర్శనంలో, అంటే మన తర్కశాస్త్రంలో, అనుమానం ఒక ప్రమాణం, అంటే విషయాన్ని తెలుసుకునే సాధనం: కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం. సంశయం వేరు: దూరాన కనిపించేది మోడో మనిషో తేలకపోవడం. అనుమానానికి ఒక దిక్కు ఉంది, సంశయం రెంటి మధ్య ఊగుతుంది. ‘సస్పెక్ట్’ మొదటిదానికి దగ్గర, ‘డౌట్’ పుట్టుకలో రెండోది. ఇక పాతపుస్తకం గారు చెప్పిన భయం సంగతికి వస్తే, సంస్కృతంలో ‘శంక’కు సందేహమనీ భయమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఎక్కడో ఫ్రెంచిలో జరిగిందే ఇక్కడా జరిగిందని చూసి నేను చాలాసేపు ఆనందించాను.

నా మట్టుకు నేను పాటించే పద్ధతి ఒకటుంది. తెలుగు వాక్యం చివర ‘అని నా అనుమానం’ తీసేసి ‘అనుకుంటున్నాను’ పెట్టి చూస్తాను. అర్థం నిలబడితే ‘డౌట్’ జోలికి పోను.

పాతపుస్తకం:
ఆ పరీక్షను ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

పదాన్వేషి:
ఈ చర్చను ఆ సహోద్యోగికి చూపించాను. మొదట ‘డౌట్’కు ముందు ‘డోంట్’ చేర్చి సరిదిద్దబోయారు. అప్పుడది ‘అతనే తీశాడనడంలో నాకు సందేహం లేదు’ అన్న బలమైన అభియోగమవుతుందని తెలిసి వెనక్కి తగ్గారు. ‘సస్పెక్ట్’ రాయమంటే అది పోలీసు భాషలా ఉందన్నారు. చివరికి రాసి పంపినది ‘ఐ థింక్ హి మే హ్యావ్ టేకెన్ ద ఫైల్’.