అప్‌డేట్: ఆన్‌లైన్ క్లాసులు, ల్యాబ్‌ల సంగతి

2020 లాక్‌డౌన్‌తో కాలేజీ మూసేశారని, ఫోన్‌లో వినే క్లాసులు సగంలో ఆగిపోతున్నాయని, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) రెండో ఏడాది ల్యాబ్‌లు ఎలా నేర్చుకోవాలని అడిగాను కదా. జవాబిచ్చిన అన్నయ్యలకీ అక్కలకీ చాలా థ్యాంక్స్.

నెట్ గొడవ చాలావరకు తీరింది. మలక్‌పేటలో మాది గ్రౌండ్ ఫ్లోర్, లోపల సిగ్నల్ నిలవదు. వచ్చే వీడియో క్వాలిటీ తగ్గించి, పీపీటీ ముందే వాట్సాప్‌లో తెప్పించుకుంటున్నాను. మాట తెగకుండా వినిపిస్తోంది, అది చాలు.

అసలు మేలు చేసింది మీరు చెప్పిన వర్చువల్ ల్యాబ్స్, అంటే తెరమీదే ప్రయోగాలు చేసే వెబ్‌సైట్. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా అందులో ఉంది. అందులో సిలికాన్ డయోడ్‌కి (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న పరికరం) వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. చాలాసేపు కరెంటు దాదాపు సున్నా. 0.7 వోల్టుల దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఎగబాకింది! రీడింగులు రాసుకుని గ్రాఫ్ గీశాక బుర్రకెక్కింది.

కానీ బ్రెడ్‌బోర్డ్ (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద ఏ వైరు లూజయిందో వెతికి పట్టుకోవడం మౌస్‌తో రాదు. అందుకే కాలేజీ తెరిచాక ల్యాబ్‌లు మళ్లీ పెట్టాలని క్లాసంతా కలిసి హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) మేడమ్‌ని అడిగాం. ఒప్పుకున్నారు, తేదీ చెప్పలేదు.

హాస్టల్ ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిన వాళ్లదే నిజమైన కష్టం. రోజుకు 1.5 జీబీ డేటాతో మధ్యాహ్నానికే ఆగిపోతున్నారు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ వాళ్లు ఉచితంగా పెట్టే వీడియో పాఠాలు సిగ్నల్ ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకోమన్నాను. మా సార్ల క్లాస్ రికార్డింగులను సైజు తగ్గించి వాళ్లకు పంపే పద్ధతి తెలిస్తే చెప్పండి.