సెప్టెంబర్ క్యాంపింగ్: పనుల పంపకం, ముఖ్యంగా తిండి సంగతి

కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. మార్చిలో బుకింగ్ తెరిచిన రోజు పొద్దున ఎనిమిదింటికి నలుగురం నాలుగు ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని కాలిఫోర్నియాలోని హెన్రీ కౌవెల్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్క్‌లో టెంట్లు వేసుకునే ఆరు సైట్లు పట్టాం. సైటుకు ఎనిమిది మంది చొప్పున 48. ఇప్పటికి 46 మంది తేలారు. "మా తోడల్లుడు వాళ్లు కూడా వస్తారట" అని ఇక మెసేజ్‌లు పెట్టకండి, దండం పెడతాను.

శుక్రవారం సాయంత్రం టెంట్లు వేస్తాం. శనివారం పొద్దున బిగ్ బేసిన్ అనే ఇంకో పార్కు, సాయంత్రం శాంతాక్రూజ్‌లో నాచురల్ బ్రిడ్జెస్ బీచ్. ఆదివారం టిఫిన్ అయ్యాక పెద్ద రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఉన్న 0.8 మైళ్ల దారి తిరిగి ఇంటికి. ఆ దారి చదునుగా ఉంటుంది, స్ట్రోలర్లు హాయిగా వెళ్తాయి. ఒక్క మాట: టెంట్ల పక్కనే ఆ మహావృక్షాలు ఉంటాయనుకోకండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఎక్కువగా ఓక్, పైన్ చెట్లే. పెద్ద చెట్లు ఫెల్టన్ ఊరి వైపు మెయిన్ గేటు దగ్గర ఉంటాయి, అక్కడికి కారులోనే వెళ్లాలి.

వంట టీమ్

మెనూ ఇదిగో. శుక్రవారం రాత్రి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. శనివారం పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం బిగ్ బేసిన్‌లో టమాటా బాత్, జంతికలు, మరమరాల మిక్చర్ రెండు డబ్బాలు. రాత్రి చపాతీ, వంకాయ కూర. ఆదివారం ఉప్మా. పెద్ద బర్నర్, సిలిండర్ మా గరాజ్‌లో ఉన్నాయి. ఎవరి దగ్గరైనా పెద్ద గంజు ఉంటే చెప్పండి.

బిగ్ బేసిన్ చూసుకుంటున్నది నేను

వదినా, మెనూ చూస్తేనే నోరూరింది. కానీ ఆ మరమరాల డబ్బాలు ఇంట్లోనే వదిలేద్దాం. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, తిట్టుకోకండి.

అక్కడ మార్బుల్డ్ మర్లెట్ అని ఒక సముద్రపు పక్షి ఉంది. చేపల కోసం సముద్రం మీదే బతుకుతుంది, గుడ్డు మాత్రం మైళ్ల దూరం లోపలికి ఎగిరొచ్చి ముసలి రెడ్‌వుడ్ చెట్ల పైన, నాచు పట్టిన లావు కొమ్మ మీద పెడుతుంది. పుల్లలతో గూడు కట్టదు. గుడ్డు ఒక్కటే. ఈ పక్షి ఎక్కడ పొదుగుతుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1974లో ఇదే బిగ్ బేసిన్‌లో చెట్టెక్కి పని చేస్తున్న ఒకాయన కంట పడింది.

దానికీ మిక్చర్‌కూ సంబంధం ఏమిటంటే, అక్కడ స్టెల్లర్స్ జే అనే నీలం పిట్టలు ఉంటాయి. నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని ఉంటుంది, గొంతు మహా కర్కశం. మనం బల్ల దగ్గర రాల్చిన మెతుకుల కోసం అవి గుంపులుగా చేరతాయి. తిండి దొరికే చోట అవి పెరుగుతాయి, పెరిగాక పక్కనే పైకొమ్మ మీదున్న మర్లెట్ గుడ్డునూ పిల్లనూ తినేస్తాయి. అందుకే ఆ పార్కుల్లో "క్రంబ్ క్లీన్" అని ప్రచారం చేస్తున్నారు. ఒక్క మెతుకు కూడా నేల మీద మిగలకూడదు. మరమరాలు ఐదేళ్ల పిల్లాడి చేతిలో పెడితే సగం నేలకే కదా!

ఇంకోటి. 2020 ఆగస్టులో పిడుగుల మంటలకు ఆ పార్కు దాదాపు అంతా కాలిపోయింది. 1902లో పెట్టిన పార్కు అది, కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అన్నిటికన్నా పాతది. అడుగు మందం బెరడు ఉండబట్టి పెద్ద చెట్లు చాలావరకు బతికాయి. బొగ్గులా నల్లబడిన మాను నిండా పచ్చటి చిగురు బొచ్చులా పుట్టుకొచ్చింది. మర్లెట్‌కు మిగిలిన చోటే తక్కువ, దాని కిందకి మనం పిట్టల్ని పిలవడం ఎందుకు?

సీనియర్స్ టీమ్ తరఫున

బాబూ, నాకు పొద్దున్నే కాకికో ముద్ద పెట్టందే కాఫీ దిగదు. అమెరికా వచ్చి పన్నెండేళ్లయినా మా పెరట్లో ఆ అలవాటు మానలేదు. ఇది చదివాక ఆ రెండు రోజులూ చేతులు కట్టేసుకుంటాను. కానీ పిల్లలకు చిరుతిండి లేకపోతే ఎలా?

బిగ్ బేసిన్

పెద్దమ్మగారూ, చిరుతిండి ఉంటుంది, రాలనిదైతే చాలు. బొబ్బట్లు, అరటిపళ్లు, ఖర్జూరం. తినేటప్పుడు బల్ల కింద పాత దుప్పటి పరుద్దాం. అయ్యాక నాలుగు కొసలూ పట్టుకుని మూటలా ఎత్తి చెత్త సంచిలో దులపాలి. క్యాంపులోనూ ఇదే పద్ధతి. ఎంగిలి గిన్నెలు కుళాయి కింద కడగొద్దు, ఆ గట్టు నిండా మెతుకులే మిగులుతాయి. రాత్రి తిండి డబ్బాలేవీ బయట ఉంచకండి, రకూన్లు జిప్పు కూడా తీస్తాయి.

వంట టీమ్

సరే మరిది గారూ, జంతికలు, మిక్చర్ కొట్టేశాను. టమాటా బాత్ బదులు చపాతీ రోల్స్. బొబ్బట్లు మాత్రం నేనొక్కదాన్నే అన్ని చేయలేను, ఇద్దరు అక్కలు గురువారం సాయంత్రం మా ఇంటికి రావాలి.

సాంస్కృతిక టీమ్

రాత్రి అంత్యాక్షరికి స్పీకర్, మైక్ నేను తెస్తా.

కోఆర్డినేటర్

వద్దు తమ్ముడూ. పక్క సైటుకు వినిపించకూడదన్నది అక్కడి నియమం, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు మాటలు కూడా తగ్గించాలి. గొంతుతోనే పాడుకుందాం. నెగడు వేయనిస్తారో లేదో కూడా ఆ వారం తెలుస్తుంది, ఎండు సీజన్లో తరచూ ఆపేస్తారు. వేయనిచ్చినా కట్టెలు అక్కడే కొనాలి. ఇంటి దగ్గరి కట్టెలతో పురుగులు అడవిలోకి వెళ్తాయి.

సాంస్కృతిక టీమ్

ఓకే అన్నా. ఆ శనివారం బతుకమ్మ రోజుల్లో పడింది కదా, చిన్నగా పేర్చుకుని ఆడుకోవచ్చా?

కోఆర్డినేటర్

మన సైట్లో ఆడుకోండి, దానికేం. పూలు మాత్రం ఇంటి నుంచే రావాలి, పార్కులో ఒక్క పువ్వూ కోయొద్దు. వాగులో, నదిలో వదలడం అసలు వద్దు. బతుకమ్మను మళ్లీ ఇంటికే తెచ్చుకుందాం.

ఫస్ట్ ఎయిడ్ చూసేది నేనే

మొదటిది, పాయిజన్ ఓక్ అనే దురద మొక్క. మారేడు దళంలా మూడేసి ఆకులు. పోయినసారి మా మామగారు శివుడికి పనికొస్తుందని నాలుగు రెమ్మలు తుంచి జేబులో పెట్టుకున్నారు. రెండో రోజుకు మోచేతి దాకా బొబ్బలు, వారం పాటు నిద్ర లేదు. చెట్ల నీడలో పులిచింతాకు లాంటిది కనిపిస్తుంది, మూడు ఆకులూ గుండె ఆకారంలో ఉంటాయి. అది రెడ్‌వుడ్ సోరెల్, ఏమీ చేయదు. తేడా తెలియకపోతే దేన్నీ ముట్టుకోకండి.

రెండోది, సముద్రం. వైజాగ్ బీచ్‌లో మోకాళ్ల దాకా దిగిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. నీళ్లు మంచులా ఉంటాయి. అన్నీ చిన్న అలలే అనుకుంటుండగా ఒక్కసారిగా పెద్దది వచ్చి లాగేస్తుంది. ఫొటో కోసం సముద్రానికి వీపు తిప్పి ఎవరూ నిలబడొద్దు. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్ద, పేర్లు రాసి పెడతాను.

బిగ్ బేసిన్‌కు వెళ్లే దారి అంతా మెలికలే. వాంతుల పిల్లలు ముందు సీటుకు దగ్గరగా, చేతిలో కవరుతో. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, తాగే నీళ్లు కార్లోనే తెచ్చుకోండి.

కొత్తగా చేరినవాళ్లం

దుప్పట్ల సంగతి నాకు వదిలేయండి. పెద్దవి మూడు ఉన్నాయి. ఒకదాని మీద ఆవకాయ మరక ఎంత ఉతికినా పోలేదు, పర్లేదు కదా?

వంట టీమ్

అదే ముందు తీసుకురా చెల్లీ.